ఒప్పుకోవడం అంటే లొంగిపోవడం కాదు
(గోలి కథ – 6వ భాగం)



నాలుగేళ్లు నిద్రగోలీల మీద ఎలా బతికానో, చివరికి వాటిని ఎలా మానేశానో పోయిన భాగంలో నాలుగు ముక్కల్లో రాశాను. అది పెట్టిన రాత్రి పదకొండున్నరకు ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అక్కా, నువ్వు రాసింది చదివిన. స్ట్రిప్పులన్నీ బాత్రూంల పారేసిన. ఇగ జిందగీల ముట్ట."

చదవగానే నా కాళ్లు చల్లబడ్డాయి. వెంటనే ఫోన్ చేశాను. ఎన్నాళ్ల నుంచి వేసుకుంటున్నవ్ అంటే రెండేండ్లు అన్నాడు. రోజుకు రెండు. హాస్టల్ గదిలో ఒక్కడే ఉన్నాడు.

"తమ్మీ, ఒక్క గోలన్నా మిగిలిందా?"

బ్యాగు వెతికితే సగం స్ట్రిప్పు దొరికింది. "ఈ రాత్రికి ఎప్పుడూ వేసుకునేది వేసుకో. పొద్దున్నే పాత చీటీ పట్టుకొని డాక్టర్ దగ్గరికి పో. నేను గూడ వస్త" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. "మానేసిన అని నువ్వే కదక్కా రాసినవ్?"

నిజమే. మానేశానని రాశాను, ఎలా మానేశానో రాయలేదు. పద్నాలుగు నెలలు పట్టిందని రాయలేదు. నా పోస్టు వల్ల ఒక తమ్ముడికి ఫిట్స్ వచ్చి ఉంటే ఆ పాపం నాదే అయ్యేది. ఈ భాగం ఆ తప్పు దిద్దుకోవడానికి.

కాబట్టి అన్నిటికంటే ముందు ఒక మాట. అల్ప్రాజోలం, క్లోనజెపాం, లోరజెపాం, డైజెపాం లాంటి గోలీలు కొన్ని వారాలకు మించి రోజూ వేసుకుంటున్నవాళ్లు ఒక్క రాత్రిలో మానకండి. ఈ పోస్టు చదివి మానకండి, ఎవరి మాట విని మానకండి. తగ్గించడం డాక్టర్‌తో కలిసి, మెల్లగా. ఇది తెలుసుకోకుండా మిగతాది చదవొద్దు.

*

మా ఊరు పాలమూరు జిల్లాలో. మా నాయిన పుణె, బొంబాయి మేస్త్రీల కింద వలసపోయి, నడుం విరిగాక ఊరికి తిరిగొచ్చినవాడు. పొద్దూకితే కల్లు దుకాణానికి పోయేవాడు. అది చెట్టు కల్లు కాదు, మందు కల్లు అని ఊరందరికీ తెలుసు. డైజెపాం, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన నీళ్లు. ఇది తాడెక్కే గౌడన్న చేసిన పాపం అని నేను అనను. తాళ్లు, ఈదులు లేనిచోట కూడా దుకాణాలు నడిపించి పౌడరు అమ్ముకున్న పెట్టుబడిది ఆ పాపం.

2015లో సర్కారు కల్తీ కల్లు మీద దాడులు చేసింది. చెయ్యాల్సిందే. కానీ ఏళ్ల తరబడి ఆ మత్తుకు అలవాటుపడ్డ ఒళ్లు మూడో రోజుకు ఏమవుతుందో ముందుగా ఎవరు ఆలోచించారు? పాలమూరులో, నిజామాబాద్‌లో జనం వణుకుతూ, ఫిట్స్‌తో, లేనివాళ్లతో మాట్లాడుకుంటూ ఆస్పత్రులకు బారులు కట్టారు. వింతగా ప్రవర్తిస్తున్నారని టీవీలు చూపించాయి.

మా నాయిన గోడ మీద లేని చీమలను ఏరుతూ కూర్చున్నాడు. ఆస్పత్రిలో మంచానికి తాడుతో కట్టేశారు. ఒక ఉద్యోగి నా ముందే అన్నాడు: "తాగుబోతులకు గిట్లనే కావాలె."

మరుసటి ఏడాది నేను పీజీలో ఉన్నాను. రోహిత్ మనల్ని విడిచివెళ్లిన ఏడాది. మా నాయిన గ్లాసులో ఉన్న అదే అల్ప్రాజోలం నా మందుల చీటీ మీదికి వచ్చింది. ఆయన తాగితే తాగుబోతు అయ్యాడు. నేను మింగితే పేషెంట్‌నయ్యాను. ఇద్దరిలో ఎవరికీ అది ఏం చేస్తుందో ముందుగా చెప్పినవాళ్లు లేరు.

*

అది ఏం చేస్తుంది?

మెదడులో ఉద్రేకాన్ని తగ్గించే రసాయనం ఒకటుంది. పేరు గాబా. బండికి బ్రేకు ఎలాగో మెదడుకు అది అలాగ. ఈ గోలీలు ఆ బ్రేకును ఇంకాస్త గట్టిగా తొక్కుతాయి. అందుకే మొదటి రాత్రి హాయిగా నిద్ర పడుతుంది. నాకూ పట్టింది, అబద్ధం చెప్పను. కానీ వారాలు గడిచేకొద్దీ మెదడు సర్దుకుంటుంది. బయటి నుంచి ఎవరో బ్రేకు తొక్కుతున్నారు కదా అని తన బ్రేకును తానే వదులు చేసుకుంటుంది. అదే డోసు చాలదు. మధ్యాహ్నానికే గుండె దడ మొదలవుతుంది. అప్పుడు మనం ఏమనుకుంటాం? "చూశావా, నా జబ్బు ఎంత పెద్దదో, గోలి లేకపోతే నేను లేను." అది చాలాసార్లు పాత జబ్బు కాదు. గోలి దిగుతున్న దెబ్బ.

ఇక ఒక్కసారిగా గోలి తీసేస్తే బ్రేకు లేని లారీ ఘాట్ రోడ్డు దిగినట్టే. నిద్ర పోతుంది, చెవుల్లో హోరు, చర్మం మండినట్టు, వెలుతురు భరించలేనట్టు, లోకం సినిమా తెరలా దూరంగా కనపడినట్టు. కొందరికి ఫిట్స్ వస్తాయి. ప్రాణాలు కూడా పోవచ్చు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. ఈ జాతి మందుల్లో మొదటిది 1960లో, వేలియం 1963లో మార్కెట్‌లోకి వచ్చాయి. 1988లోనే బ్రిటన్ మందుల భద్రతా కమిటీ వీటిని 2 నుంచి 4 వారాలకు మించి రాయొద్దని డాక్టర్లకు చెప్పింది. 2020లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందులన్నిటి మీదా అలవాటు, విత్‌డ్రాయల్ ప్రమాదాల గురించి తన అతి తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. మన దేశంలో 2014 మార్చి నుంచి వీటిలో అల్ప్రాజోలం, డైజెపాం లాంటివి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు. ఎవరు రాశారు, ఎవరు కొన్నారు, ఎన్ని కొన్నారు అని మెడికల్ షాపువాడు విడిగా రిజిస్టర్ రాయాలి, మూడేళ్లు దాచాలి.

మా హాస్టల్ కింద షాపులో నేను నాలుగేళ్లు కొన్నాను. రిజిస్టర్ ఎప్పుడూ చూడలేదు. "అక్కా, అదేనా?" అని అడిగేవాడు. అదే.

*

ఆ చీటీ ఎలా వచ్చిందో కూడా చెప్పాలి.

సెమినార్‌లో నా పేపర్ అయిపోగానే ఒక ప్రొఫెసర్ నవ్వుతూ అన్నాడు: "మీలాంటివాళ్లు ఫీల్డ్ వర్క్ చేసుకోండమ్మా, థియరీ ఎందుకు?" క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి క్లాసు గుమ్మం దగ్గరికి రాగానే నా గొంతు మూసుకుపోయేది. రాత్రి రెండైనా మూడైనా నిద్ర లేదు. హెల్త్ సెంటర్‌కు పోయాను. డాక్టర్ రెండు నిమిషాలు చూశాడు. నిద్ర పడుతుందా, ఆకలి ఉందా అన్నాడు. ఏం జరిగింది అని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.

నాకు జరిగింది కులం. చీటీలో రాసింది యాంగ్జైటీ.

ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల మీద వివక్ష ఎన్ని రూపాల్లో ఉందో 2007లోనే థోరట్ కమిటీ రాసిపెట్టింది. డాక్టర్లను తయారుచేసే చోటే ఆ పరిస్థితి ఉంటే, ఆ డాక్టర్ల ముందు కూర్చునే మన పిల్లలను ఏం జరిగిందని ఎవరడుగుతారు? అడిగితే జవాబు వినాలి. జవాబు వింటే కంప్లయింట్ రాయాలి. దానికంటే పది గోలీలు రాయడం సులువు. నిద్రపోయిన విద్యార్థి ధర్నా చేయదు.

నేను మందులకు వ్యతిరేకిని కాను. ఫిట్స్ వచ్చినవాళ్లకు, ఆపరేషన్‌కు పోయేవాళ్లకు, భరించలేని భయంలో కొన్ని రోజులు నెట్టుకురావాల్సినవాళ్లకు ఇవే మందులు ప్రాణాధారం. నా కోపం గోలి మీద కాదు. ప్రశ్నకు బదులుగా గోలి రాయడం మీద. రాసినవాడు దించే దారి చెప్పకపోవడం మీద.

*

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

మా క్యాంపస్‌లో ఒకసారి మనశ్శాంతి మీద వర్క్‌షాప్ పెట్టారు. వచ్చిన ఆయన తెల్ల లాల్చీలో కూర్చొని "మనం మార్చలేనివాటిని యాక్సెప్ట్ చెయ్యాలి, అప్పుడే ప్రశాంతత" అన్నాడు. నేను లేచి "సార్, కులం ఆ లిస్టులో ఉందా?" అని అడిగాను. ఆయన కళ్లు మూసుకొని చిరునవ్వు నవ్వాడు.

మూడేళ్ల తర్వాత నేను ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో సైకాలజిస్టు ముందు కూర్చున్నాను. గోలి తగ్గిద్దామని అప్పటికి రెండుసార్లు ప్రయత్నించి ఓడిపోయాను. సైకియాట్రిస్టు తగ్గించే ప్లాన్ రాసిచ్చి, దాంతోపాటు ఈ మేడమ్‌ను కలవమన్నాడు. ఆమె రెండో వారంలో "యాక్సెప్టెన్స్" అన్నది. నేను బ్యాగు తీసుకొని లేచాను. తరతరాలుగా మాకు చెప్పిన మాట అదే కదా. వాడ చివర ఉండు, ఒప్పుకో. బావి నీళ్లు తోడకు, ఒప్పుకో. పోయిన జన్మ కర్మ, ఒప్పుకో.

ఆమె నన్ను ఆపలేదు. ఒక్కటే అడిగింది. "నేను మిమ్మల్ని దేన్ని ఒప్పుకోమంటున్నాననుకున్నారు?"

"ఆ ప్రొఫెసర్‌ను. జరిగిన దాన్ని."

"కాదు. ఇప్పుడు మీ గుండె కొట్టుకుంటోంది కదా, దాన్ని."

నేను మళ్లీ కూర్చున్నాను.

*

ఆ పద్ధతి పేరు యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ. పొట్టిగా యాక్ట్ అంటారు. తెలుగులో ఒప్పుకోలు, పూనిక అనుకోండి. అమెరికాలో స్టీవెన్ హేస్ అనే సైకాలజిస్టు, ఆయన తోటివాళ్లు 1980ల నుంచి దీన్ని తయారుచేసుకుంటూ వచ్చారు. హేస్‌కే పానిక్ అటాక్స్ ఉండేవి. మొదటిది డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ప్రొఫెసర్లు ఒకరినొకరు తిట్టుకుంటుంటే వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్లు ఎక్కడైనా ఒకటే అని నాకు నవ్వొచ్చింది.

అందులో మూలం ఇది. బాధ రావడం ఒకటి. బాధ రాకూడదని చేసే యుద్ధం ఇంకొకటి. రెండోది మొదటిదానికంటే ఎక్కువ మింగేస్తుంది. దడ వస్తుందేమోనని క్లాసుకు పోను. దడ వస్తుందేమోనని ముందే ఒక గోలి వేసుకుంటాను. దడ తగ్గుతుంది, భయం గెలుస్తుంది. రేపు ఇంకొంచెం తొందరగా వేసుకుంటాను. చివరికి నా బతుకంతా ఆ దడ చుట్టూ కట్టిన కంచె అవుతుంది.

విత్‌డ్రాయల్‌లో ఇది మరీ నిజం. డోసు తగ్గించినప్పుడు ఒళ్లు కొంత గొడవ చేసి తీరుతుంది. ఆ గొడవ ఏ మాత్రం వద్దు అనుకుంటే ఉన్న దారి ఒక్కటే, గోలి మళ్లీ పెంచడం. కాబట్టి మెల్లగా దించేటప్పుడు ఒళ్లు చేసే ఆ గొడవకు కాసేపు చోటివ్వడం నేర్చుకోవాలి. ఇష్టపడమని కాదు. చోటివ్వమని.

మేడమ్ నాకు బస్సు కథ చెప్పింది. యాక్ట్ వాళ్లందరూ చెప్పే కథే. నేను దాన్ని పల్లెవెలుగు బస్సు చేసుకున్నాను. డ్రైవర్‌వి నువ్వే. వెనక ప్రయాణికులు అరుస్తుంటారు. "నీకు చేతకాదు", "బండి ఆపు", "వెనక్కి తిప్పు". బండి ఆపి వాళ్లతో కొట్లాడుతూ కూర్చుంటే ఊరు రాదు. వాళ్లు చెప్పిన దిక్కుకు తిప్పితే వాళ్లు నోరు మూస్తారు, అయినా నీ ఊరు రాదు. మూడో దారి ఉంది. అరుపులు వింటూనే నీ ఊరి దిక్కు నడపడం.

నేను అడిగాను. "మేడమ్, ఆ ప్రయాణికుల్లో కొందరు వాళ్లంతట వాళ్లు ఎక్కలేదు. ఎవరో ఎక్కించారు. వాళ్ల సంగతి?"

ఆమె కాసేపు ఆలోచించి అన్నది: "ఎక్కించినవాళ్ల మీద డిపోలో కంప్లయింట్ ఇవ్వండి. దానికోసమైనా మీ బస్సు డిపోకు చేరాలి కదా."

*

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మన పిల్లల విషయంలో ఈ పద్ధతిని చెడగొట్టడం చాలా తేలిక.

యాక్ట్‌లో ఆలోచనను ఆలోచనగా చూడమంటారు. "నేను పనికిరాను" అని కాకుండా "నేను పనికిరాను అనే ఆలోచన నాకు వస్తోంది" అని చెప్పుకోవాలి. వినడానికి చిన్న తేడా. తెల్లవారుజామున మూడింటికి ఆ చిన్న తేడాయే ఊపిరి పీల్చుకునే సందు.

కానీ "ఆ ప్రొఫెసర్ నన్ను అవమానించాడు" అనేది ఆలోచన కాదు. అది జరిగిన సంగతి. దానికి తారీఖు ఉంది, గది ఉంది, నవ్విన ముప్పై మంది ఉన్నారు. దాన్ని కూడా "అవమానం జరిగిందనే ఆలోచన మీకు వస్తోంది" అనే కౌన్సెలర్ ఎదురైతే లేచి వచ్చేయండి. అది థెరపీ కాదు, మేనేజ్‌మెంట్ తరఫు వకాల్తా. అవమానం బయట జరిగింది. దాని తీర్పు "నేను పనికిరాను" అని నా లోపల రాసుకున్నాను. బయటిదానితో పోరాడాలి. లోపలిదానికి లోబడకుండా, దాన్ని తరిమే పనిలో రాత్రులన్నీ తగలబెట్టకుండా నడవాలి. ఈ రెండింటినీ కలిపేసిన వైద్యం మనకు వద్దు.

*

ఇక తగ్గించిన కథ.

ఇంగ్లండ్‌లో న్యూకాసిల్‌లో హెదర్ ఆష్టన్ అనే ప్రొఫెసర్ ఉండేది. 1982 నుంచి 1994 వరకు పన్నెండేళ్లు ఈ గోలీలు మానాలనుకునేవాళ్ల కోసం క్లినిక్ నడిపింది. పేషెంట్లే తనకు నేర్పారని చెప్పుకున్న డాక్టర్. బాధపడినవాడి మాట సాక్ష్యమని నమ్మడం వైద్యంలో ఎంత అరుదో మనకు తెలుసు. చాలామందికి ఆమె తొందరగా ఒంట్లోంచి పోయే గోలి నుంచి మెల్లగా పోయే డైజెపాంకు మార్చి, అక్కడి నుంచి కొంచెం కొంచెం దించేది. ఆమె లెక్కలో అల్ప్రాజోలం 0.5 మిల్లీగ్రాములు దాదాపు డైజెపాం 10కి సమానం. చూడండి, అంత చిన్న గోలి ఎంత బరువో. 2025లో అమెరికాలో అడిక్షన్ వైద్యుల సంఘం, ఇతర వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకం కూడా 2 నుంచి 4 వారాలకోసారి 5 నుంచి 10 శాతం తగ్గింపుతో మొదలుపెట్టడం ఆలోచించమంటుంది. ఎవరి లెక్క వారిది, అది డాక్టర్ తేల్చాలి. ఇక్కడ అంకెలు ఇచ్చింది మీరు సొంతంగా గోలీలు విరుచుకోవడానికి కాదు. "వారంలో మానెయ్" అనే డాక్టర్‌ను ఎందుకు అని అడగడానికి.

నాకు పద్నాలుగు నెలలు పట్టింది. రెండుసార్లు తగ్గించడం ఆపి అదే డోసు మీద నెల నెల ఉన్నాం. అది ఓటమి కాదని డాక్టర్ ముందే చెప్పాడు.

ఐదో నెలలో ఒక రాత్రి చెప్తాను. మూడు గంటలు. చెవుల్లో జీరంగి తిరుగుతున్నట్టు హోరు. కాళ్లలో కండరాలు వాటంతట అవే ఎగురుతున్నాయి. "పిచ్చెక్కుతోంది, నాయిన లెక్క అయితవ్" అని లోపలి గొంతు. పాత నేనైతే అలమార తెరిచేదాన్ని. ఆ రాత్రి నేర్చుకున్నది చేశాను. నేల మీద కూర్చున్నాను. ఎక్కడ ఏముందో ఒక్కొక్కటే చెప్పుకున్నాను. చెవిలో హోరు ఉంది. పిక్కలో వణుకు ఉంది. ఛాతీలో పిడికిలంత బరువు ఉంది. నాయిన లెక్క అవుతాననే ఆలోచన వచ్చింది. రావే తల్లీ, కూర్చో. వాటిని పొమ్మనలేదు. ఇరవై నిమిషాలకు అవి పోలేదు కూడా. కానీ కొంచెం పలచబడ్డాయి. అలమార తలుపు వేసే ఉంది. కాసేపటికి లేచి, ఆదివారం మా వాడలో పిల్లలకు చెప్పాల్సిన లెక్కలు రాసుకున్నాను. చేతిరాత వంకర పోయింది. పిల్లలు నవ్వారు. లెక్కలు మాత్రం సరిగ్గానే ఉన్నాయి.

పూనిక అంటే అది. బాగయ్యాక బతుకుతానని కూర్చోకుండా, నాకు ఏది ముఖ్యమో ఆ పనిని బాగాలేకుండానే చేయడం. మేడమ్ నన్ను మొదట్లోనే అడిగింది, గోలి మానేసి ఏం చేద్దామనుకుంటున్నారు అని. నిద్రపోతాను అన్నాను. ఇంకా అన్నది. నా పేపర్ పూర్తిచేస్తాను, కంప్లయింట్ ఇస్తాను అన్నాను. ఆ రెండు మాటలూ కాగితం మీద రాయించింది.

తొమ్మిదో నెలలో విచారణ కమిటీ ముందు కూర్చున్నాను. ఐదుగురు పెద్దలు, ఒక మంచినీళ్ల గ్లాసు. అదనంగా ఒక గోలి వేసుకొని పోవాలని ఎంత అనిపించిందో చెప్పలేను. వేసుకోలేదు. కాగితం పట్టుకున్న చేతులు గలగలా వణికాయి. ఒకాయన "కంగారు పడకమ్మా, కావాలంటే తర్వాత చెప్పు" అన్నాడు. "వణుకు ఉంటుంది సార్, నేను చదువుతాను" అన్నాను. నాలుగు పేజీలు వణుకుతూనే చదివాను. మూడేళ్ల కింద మూసుకుపోయిన గొంతు అది.

ఇప్పుడు చెప్పండి, ఒప్పుకోవడం లొంగిపోవడమా? నా వణుకును ఒప్పుకున్నాను కాబట్టే ఆ ప్రొఫెసర్ చేసినదాన్ని ఒప్పుకోలేదని చెప్పగలిగాను. వణుకు పోయేదాకా ఆగితే ఆ కాగితం ఈనాటికీ అలమారలోనే ఉండేది.

*

మన కామ్రేడ్స్ కొందరికి ఇదంతా నచ్చదు. "సమస్య వ్యవస్థలో ఉంటే మనిషిని సరిచేస్తారేంటి? ఇది మధ్యతరగతి రోగం" అంటారు. సగం నిజం. సమస్య వ్యవస్థలోనే ఉంది. కానీ ఆ వ్యవస్థ నా నరాల్లోకి మిల్లీగ్రాముల లెక్కన దిగింది. కులం పోయేదాకా నా ఫిట్స్ ఆగుతాయా? ధర్నాలో స్లోగన్ ఇచ్చి గదికి వచ్చి ఒంటరిగా గోలి మింగే తమ్ముళ్లు, చెల్లెళ్లు మన సంఘాల్లో ఎంతమంది ఉన్నారో మనం ఎప్పుడన్నా అడిగామా? విల్ పవర్ అంటాం. విల్ పవర్ మీదనే అయితే మా నాయిన గోడ మీద చీమలేరేవాడు కాదు. తట్టమోసి ముగ్గురు పిల్లలను చదివించిన మనిషికి విల్ పవర్ తక్కువా?

దుఃఖాన్ని ఒప్పుకోవడం గురించి మనకు అమెరికావాళ్లు కొత్తగా చెప్పింది లేదు. బాబాసాహెబ్ బుద్ధుడి దగ్గరికి పోయింది కూడా దుఃఖం మాట మీదనే. కానీ ఎలా పోయాడో చూడండి. 'బుద్ధుడు – అతని ధమ్మం' పుస్తకం మొదట్లోనే ఆయన నాలుగు ఆర్యసత్యాల మీద ప్రశ్న పెట్టాడు. పుట్టుకే దుఃఖం, బతుకే దుఃఖం అంటే మనిషికి ఇక ఆశ ఎక్కడిదని అడిగాడు. దుఃఖం ఉందని ఒప్పుకో, మనిషి మనిషికి చేసే దుఃఖాన్ని తొలగించు. ఆయన ధమ్మం ఆ దిక్కు నడిచింది. కర్మ అని చేతులు కట్టుకోవడం అందులో లేదు.

ఆయన ఒళ్లు కూడా మర్చిపోవద్దు. షుగరు, కాళ్ల నొప్పులు, చూపు మందగింపు. మందులు వాడాడు, ఇంజెక్షన్లు తీసుకున్నాడు. అందులో సిగ్గు లేదు. 1956 డిసెంబరు 6న కన్నుమూసే ముందు రోజుల్లో కూడా ఆ పుస్తకం ముందుమాట మీద పని చేస్తూనే ఉన్నాడు. నొప్పి పోయాక రాస్తాననుకొని ఉంటే మనకు ఆ పుస్తకం ఉండేది కాదు.

*

దీన్ని సర్వరోగ నివారిణి అని అమ్మడానికి నేను రాలేదు. ఈ గోలీలు తగ్గించేటప్పుడు మాటల చికిత్స ఎంత సాయమన్న దాని మీద ఎక్కువ పరిశోధన జరిగింది సీబీటీ అనే దగ్గరి చుట్టం మీద. 2015 కాక్రేన్ సమీక్ష ప్రకారం తగ్గింపుతో పాటు సీబీటీ ఇస్తే మూడు నెలల దాకా ఫలితం మెరుగ్గా ఉంది, ఆ తర్వాత ఆ తేడా నిలబడలేదు. అంటే మూడు నెలల్లో చేయి వదిలేసే సాయం చాలదని నేను చదువుకున్నాను. యాక్ట్ మీద ఈ విషయంలో పరిశోధన అంతకంటే తక్కువ. నేను చెప్పేది నా సాక్ష్యం. అసలు పని చేసింది మెల్లగా దించడమే. ఆ మెల్లదనాన్ని తట్టుకోవడానికి యాక్ట్ సాయపడింది.

ఒప్పుకోకూడని చోట్లు కూడా ఉన్నాయి. ఫిట్స్ వస్తే, మనిషి తికమకపడితే, లేనివి కనపడితే, చచ్చిపోవాలనిపిస్తే, అక్కడ కూర్చొని ఊపిరి గమనించడం లేదు. వెంటనే ఆస్పత్రి. ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. దానితోపాటు కల్లు, సారా తాగేవాళ్లు డాక్టర్‌కు దాచకండి. రెండూ కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు.

సంఘాల తరఫున మనం అడగాల్సినవి అడుగుదాం. యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో ఈ గోలి రాసిన రోజే ఎన్నాళ్లకు, ఎలా దించాలో అదే చీటీ మీద రాయాలి. వైద్యం గురించి, దాని చెడు ప్రభావాల గురించి తెలుసుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే ఇచ్చింది. మన భాషలో చెప్పమని అడగండి. షాపుల్లో హెచ్1 రిజిస్టర్లు ఉన్నాయా లేవా తనిఖీ చేయించాలి, కానీ మానే దారి చూపకుండా సరఫరా ఒక్కటే మూసేస్తే 2015 మళ్లీ వస్తుంది, ఈసారి హాస్టళ్లలో. కౌన్సెలర్‌కు కులం అంటే ఏమిటో తెలిసి ఉండాలి. "ఏం జరిగింది?" అని అడగడం తెలిసి ఉండాలి. మన సంఘం మీటింగుల్లో కూడా ఎజెండా చివర ఒక అరగంట, ఎవరు నిద్రపోవడం లేదో అడిగే అరగంట, ఉండాలి.

*

ఆ తమ్ముడితో పొద్దున్నే ఆస్పత్రికి పోయాను. డాక్టర్ మొదటి తగ్గింపు రాశాడు, నెలకోసారి రమ్మన్నాడు. మొన్న మూడో వారం. ఫోన్ చేశాడు.

"అక్కా, చేతులు వణుకుతున్నయ్."

"ఏడున్నవ్?"

"లైబ్రరీల."

"మరి?"

"చదువుతున్న."

మా నాయినకు ఇవన్నీ చెప్పాను ఒక రోజు. ఇప్పుడు ఆయన కల్లు ముట్టడు, కానీ ఆ పది రోజుల సంగతి ఎత్తితే తల తిప్పుకుంటాడు. అంతా విని అడిగాడు: "మెల్లగ దించుతరా బిడ్డా? మాకు ఎవ్వలూ చెప్పలే."

ఎవ్వలూ చెప్పలే. అందుకే రాస్తున్నాను.

వచ్చే భాగం: ఆడపిల్లల హాస్టళ్లు, నిద్రగోలీలు.

జై భీమ్.